నడిచే మెట్లు

పిల్లలూ! సింహాచలం కొండ మెట్లు ఎక్కారు కదా? అక్కడ మెట్లు కదలవు, మనం ఆయాసపడి ఎక్కుతాం. మనం కదలకుండా నిలబడితే మెట్లే మోసుకుపోయే ఏర్పాటు కూడా వున్నది. దాన్ని ఎస్కలేటర్ అంటారు.

మన పెందుర్తి మీదుగా పోయే పట్టాలు హౌరా దాకా వెళ్తాయి. ఆ హౌరాలో 2024 మార్చి నుంచి భూమి కింద మెట్రో రైలు నడుస్తున్నది. అది హుగ్లీ నది కింది నుంచి కలకత్తా చేరుతుంది. నది అడుగుకన్నా కిందుగా పోవాలి గనక స్టేషను 30 మీటర్లకు పైగా లోతున కట్టారు. మూటాముల్లెతో అంత ఎత్తు ఎక్కడం ఎవరి తరం?

మాస్కోలో పార్క్ పబేదీ స్టేషను ఎస్కలేటర్ల పొడుగు 126 మీటర్లు. వాలు 30 డిగ్రీలు. సైన్ 30 ఎంతో తెలిసిన పెద్ద తరగతులవారు ఎత్తు లెక్క కట్టండి. 63 మీటర్లు వచ్చిందా? పైకి చేరడానికి దాదాపు మూడు నిమిషాలు పడుతుంది.

ఇంతకీ పైకి పోయిన మెట్లన్నీ ఏమవుతాయి? సైకిలు గొలుసులాగా తిరుగుతూ, నేల కిందికి దూరి, తలకిందులుగా దిగివచ్చి, అడుగున మళ్లీ పైకి తేలుతాయి. ప్రతి మెట్టుకూ నాలుగు చక్రాలుంటాయి. ముందు రెండూ ఒక జత పట్టాల మీద, వెనక రెండూ వేరే జత మీద పోతాయి. అందుకే ఎంత వాలులోనైనా మెట్టు ఒరగదు. కొసకు రాగానే ఆ పట్టాల వరస మారి, మెట్లు చాప పరిచినట్టు చదునవుతాయి.

మెట్టు నేలలోకి దూరేచోట లోహపు దువ్వెన వుంటుంది. మెట్టు మీది గాళ్లలో దాని పళ్లు ఇముడుతాయి. కాగితం ముక్క వస్తే పైకి తోసేస్తాయి. కాని పావడా అంచో, చీర కుచ్చెళ్లో, మెత్తని రబ్బరు చెప్పో చిక్కితే లోపలికి లాగేస్తుంది. అది గుడ్డో, కాలో మోటారుకు తెలియదు.

ఎవరిదైనా చిక్కితే పక్కనున్న ఎర్ర బొత్తాం నొక్కాలి. నొక్కేముందు "పట్టుకోండి!" అని కేక వెయ్యండి, మెట్లు చటుక్కున ఆగితే జనం తూలుతారు. ఆటకు నొక్కే కుర్రాళ్లూ వున్నారు. వాళ్ల చెవి మెలిపెట్టాలనిపిస్తుంది నాకు.

మామ్మతో వెళ్తే ముందుగానే చీర అంచు కాస్త ఎత్తి పట్టుకోమనండి. పైకి పోయేటప్పుడు ఆమెను ముందు ఎక్కనిచ్చి, మీరు ఒక మెట్టు కింద నిలబడండి. దిగగానే బోర్డులు చదువుతూ అక్కడే ఆగకండి. వెనక మెట్లు జనాన్ని తెచ్చి దించుతూనే వుంటాయి.