పెట్టె సర్దాం సరే...

జులై నెలాఖరు వచ్చిందంటే మా అపార్ట్‌మెంట్‌లో నా తూకం మిషన్‌కి భలే గిరాకీ. రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. ఎవరింట్లో పిల్లాడు అమెరికా వెళ్తున్నాడో ఆ ఇంట్లో హాలు మధ్యలో పెట్టె నోరు తెరుచుకుని ఉంటుంది. చుట్టూ అమ్మ, అమ్మమ్మ, ఇద్దరు పిన్నులు. ఆవకాయకి మూడు కవర్లు చుట్టాలా, నాలుగా అని ఒక చర్చ. కుక్కర్‌లో కందిపొడి దూర్చితే బరువు కలిసొస్తుందా అని ఇంకో చర్చ. వెళ్ళాల్సిన మహానుభావుడు మాత్రం సోఫాలో ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. "నాన్నా, కాసిని మంచినీళ్ళు తాగు" అని గ్లాసు కూడా చేతికే అందిస్తాం.

నేనూ అందించాను, రెండేళ్ళ కిందట. కాబట్టి ఈ తిట్లు ముందు నాకే.

సర్దడం, సర్దుకుపోవడం. రెండూ ఒకే మాటలోంచి వచ్చాయి. (బి.ఏ. తెలుగు చదివినందుకు నాకు మిగిలింది ఈ చాదస్తమే.) మగపిల్లలకి పెట్టెలు సర్దిపెట్టాం, ఆడపిల్లలకి సర్దుకుపొమ్మని చెప్పాం. ఆ దేశంలో ఒంటరిగా బతకడానికి ఈ రెండూ పనికిరావు. అక్కడ కావలసింది నోరు తెరిచి అడగడం. మనిళ్ళల్లో ఆ పని చేసిన పిల్లల్ని ఏమంటామో మీకు తెలుసు.

మావాడు టెక్సాస్‌లో ఎమ్మెస్‌కి చేరాడు. రెండు గదుల ఇంట్లో నలుగురు పిల్లలు. చేరిన వారానికి ఫోన్ చేసి "అమ్మా, పప్పుకి ఎన్ని గ్లాసుల నీళ్ళు?" అన్నాడు. నేనది మురిపెంగా పది మందికి చెప్పుకున్నాను. ఇరవై రెండేళ్ళవాడికి పప్పుడకబెట్టడం రాదని చెప్పుకుని మురిసిపోయిన తల్లిని నేనే అయ్యుండను కదా?

వంట ఎలాగూ నెలలో వచ్చేస్తుంది. రానిది వేరే ఉంది. అక్కడ ప్రొఫెసర్ని చాలామంది పేరుతోనే పిలుస్తారట. వీడికి నోట్లోంచి "సర్" తప్ప మరో మాట రాదు. అర్థం కానివి అడగడానికని ఆయన వారంలో ఇన్ని గంటలు తలుపు తీసి కూర్చుంటాడు. వీడు ఆ గది దాకా వెళ్ళి వెనక్కొచ్చేవాడు. అడిగితే తెలివితక్కువవాడు అనుకుంటారని. ఎవరు నేర్పారు ఆ భయం? స్కూల్లో "నోరు మూసుకుని కూర్చుంటాడండీ, బంగారం" అంటే మనం పొంగిపోలేదూ?

రూమ్మేట్ అడిగితే తన అసైన్‌మెంట్ ఇచ్చాడు, చూసుకోమని. మన దగ్గర అది స్నేహధర్మం. ఇవ్వనివాడే స్వార్థపరుడు. అక్కడ రాసిచ్చినవాడూ, చూసి రాసినవాడూ ఇద్దరూ దోషులే. ఇద్దరికీ సున్నా. పైగా పిలిపించి సంజాయిషీ అడిగారు. గ్రాడ్యుయేట్ కోర్సుల్లో చాలాచోట్ల సగటు 3.0కి తగ్గితే ప్రొబేషన్‌లో పెడతారని నాకు అప్పుడే తెలిసింది. వీసా కోసం చిలుకూరులో పదకొండు ప్రదక్షిణాలు చేసినదాన్ని, ఈ ముక్క మాత్రం ముందు తెలుసుకోలేదు.

ఇంకా అసలు తప్పు చెప్పలేదు. ఒకరోజు మాటల్లో అన్నాను, "పక్క బ్లాక్ వాళ్ళబ్బాయి అప్పుడే వాళ్ళమ్మకి ఫ్రిజ్ కొనిపెట్టాట్ట రా." అంతే. అప్పటికి ఇంటి మీద తెచ్చిన అప్పుకి వడ్డీ మొదలైంది, మా ఆయన ముఖం వాడిపోయి ఉంది, నా నోట్లోంచి ఆ మాట జారింది. వాడేమీ అనలేదు. ఆ తర్వాత మూడు నెలలు వీడియో ఆన్ చేయలేదు. నెట్ సరిగ్గా లేదమ్మా అనేవాడు. ఒక కొట్లో రాత్రి పూట పనికి కుదిరాడు, చేతికి నగదు. నిద్రలేక ఒక సబ్జెక్టు పోయింది. ఆ పోయిన సంగతి చెప్పడానికి ఫోన్ చేసినప్పుడు వాళ్ళకి తెల్లవారుజామున మూడు.

విద్యార్థి వీసా మీద వెళ్ళినవాడు చదువు రోజుల్లో క్యాంపస్ లోపలే, వారానికి 20 గంటలకి మించకుండా పని చేయాలి. అనుమతి లేకుండా బయట పని చేస్తే వీసా హోదాకే ముప్పు. ఇది పిల్లలందరికీ తెలుసు. తెలిసీ చేస్తారు. ఎందుకు చేస్తారో మాత్రం మనం అడగం. "మొదటి నెల నుంచే ఖర్చులు వాడే చూసుకుంటున్నాడండీ" అని గొప్పగా చెప్పుకునేది మనమేగా! క్యాంపస్‌లో అంతంత డబ్బు ఎక్కడ దొరుకుతుందని ఒక్క అమ్మకైనా అనుమానం రాదు. రాదా, రానివ్వమా?

2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ గొడవ. కొంతమంది మన పిల్లల కాళ్ళకి నిఘా పరికరాలు తగిలించారు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్. అది అక్కడి ఇమ్మిగ్రేషన్ అధికారులే వల పన్ని పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. పాఠాల్లేవు, పంతుళ్ళు లేరు. పని చేసుకోవచ్చని అందులో చేరి అరెస్టయినవాళ్ళలో తెలుగు పిల్లలు ఎందరో. రెండుసార్లూ టీవీ ముందు కూర్చుని "అయ్యో, ఎవరు కన్న బిడ్డలో" అన్నాం. వారం తిరక్కుండా "మీవాడికి పార్ట్‌టైమ్ దొరికిందా?" అని ఫోన్లు మొదలుపెట్టాం. అడిగేవాళ్ళు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. నేనిప్పుడు "ఎందుకు వదినా, అప్పు మీరు తీరుస్తారా?" అంటున్నాను. పొగరు పెరిగిందంటున్నారట. పెరగనీ.

మావాడి యూనివర్సిటీలో కౌన్సెలర్ ఉన్నారు, విడిగా డబ్బేమీ కట్టక్కర్లేదు. మూడు నెలల్లో ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఎందుకురా అంటే "పిచ్చి పట్టిందనుకుంటారు" అన్నాడు. ఎవరనుకుంటారు అక్కడ? వాడు చెప్పలేదు గానీ, ఆ "ఎవరు" ఇక్కడే ఉన్నారని నాకు తెలుసు.

పని మానేశాడు. పోయిన సబ్జెక్టు మళ్ళీ కట్టాం. నా గాజులు తాకట్టులో ఉన్నాయి, నాకేం బెంగ లేదు. ఇప్పుడు వాడు "ఈ వారం బాలేదమ్మా" అంటాడు. మొదట్లో ఆ మాట వింటే గుండె జారిపోయేది, "అదేం లేదులే నాన్నా, సర్దుకో" అని నోటిదాకా వచ్చేది. నాలిక కరుచుకుని "ఏమైంది?" అంటున్నాను. అదే ఎంత కష్టమో!

పోయిన వారం ఎదురు ఫ్లాట్ ఆవిడ తూకం మిషన్ కోసం వచ్చింది. వాళ్ళబ్బాయిది ఈ ఆగస్టే. "ఇంకేం పెట్టమంటావు?" అని అడిగింది. "ఉన్నది కూడా తీసెయ్. ఈ ఇరవై రోజులూ వాణ్ణి వంటింట్లో పెట్టు, బాత్రూమ్ కడిగించు. ఫెయిలైనా ముందు నీకే చెప్పమను, నువ్వు ఏడవనని ఒట్టెయ్" అన్నాను. మిషన్ తీసుకోకుండానే వెళ్ళిపోయింది. మూడు రోజులు నాతో మాటల్లేవు.

నిన్న సాయంత్రం మాత్రం వాళ్ళ వంటింట్లోంచి మాడిన పోపు వాసన వచ్చింది.