స్ట్రాబెర్రీ ఎండిపోతే మీ చేతి తప్పు కాదు

గోదావరిఖనిలో స్ట్రాబెర్రీ పెంచుతున్నానంటే మొదట అందరూ నవ్వారు. ఏప్రిల్‌లో మొక్కలు మాడిపోయాక "నీ చెయ్యి మంచిది కాదేమో" అన్నారు. నవ్వుకు బాధపడలేదు గానీ ఆ మాటకు నొచ్చుకున్నాను. మొక్క ఎండినా, పాలు విరిగినా ఆడవాళ్ల చేతి మీదకే వస్తుంది కదా!

నిజానికి స్ట్రాబెర్రీ చలి పంట. మహాబలేశ్వరంలో పండినా, మన తెలుగు నేల మీద లంబసింగిలో పండినా అక్కడి చల్లదనమే కారణం. మాదేమో బొగ్గు గనుల ఊరు. ఎండాకాలం 45 డిగ్రీల దాకా పోతుంది. బకెట్ల నిండా పండ్లు చూపించే వీడియోల వాళ్లు ఈ ముక్క చెప్పరు.

రెండో ఏడు పద్ధతి మార్చాను. అక్టోబరు చివర్లో నాలుగు మొక్కలు తెచ్చి 8 అంగుళాల కుండీల్లో పెట్టాను. వేర్లు లోతుకు పోవు కాబట్టి అంతే చాలు. మట్టి, వర్మీకంపోస్టు, కొబ్బరిపొట్టు కలిపాను. ఆకులు పుట్టే మొదలును మట్టిలో పూడ్చలేదు, పూడిస్తే కుళ్లిపోతుంది. పండు మట్టికి తగలకుండా వరిగడ్డి పరిచాను. ఆకుల మీది బొగ్గు దుమ్మును పొద్దున్నే నీళ్లు చిలకరించి కడిగేదాన్ని.

ఫిబ్రవరి ఆఖరుకు వచ్చినవి మొత్తం 26 పండ్లు.

"గిన్ని పండ్లకు గంత తిప్పలెందుకు? నాలుగు టమాట చెట్లు పెట్టుకోరాదు?" అన్నది అత్తమ్మ. డబ్బు లెక్కయితే ఆమెదే కరెక్టు. కానీ నైట్ షిఫ్టు చేసి బాయి నుంచి వచ్చిన మా ఆయన, చాయ్ కూడా తాగకముందే బాల్కనీలోకి పోయి ఎన్ని ఎర్రబడ్డాయో చూసేవాడు. అది ఏ లెక్కలో రాయాలి?

కుండీలే ఎందుకంటారా? పాత క్వార్టర్ పెరట్లో నేను పెట్టిన మల్లెతీగ, జామచెట్టు అక్కడే వదిలి వచ్చాం. కంపెనీ ఇల్లు కదా, రేపు బదిలీ అయితే ఇదీ మనది కాదు. కుండీ మాత్రం వెంట వస్తుంది.

అందుకే నా మాట ఒక్కటే. స్ట్రాబెర్రీని చలికాలం ఇంటికొచ్చిన చుట్టంలా చూడండి. ఎండలు ముదిరాక బతికించాలని పట్టుబట్టకండి. అదే కుండీలో తోటకూర చల్లుకోండి. చుట్టం వెళ్లిపోతే మన చెయ్యి మంచిది కాదని ఎవరూ అనుకోరు కదా.

వచ్చే అక్టోబరులో మళ్లీ నాలుగు మొక్కలు తెస్తాను. పక్కన అత్తమ్మకోసం ఒక టమాట కుండీ కూడా పెడతాను.