హాగ్లర్ గెలుస్తాడు, కానీ...

మా హాస్టల్లో క్రికెట్ గురించి కాకుండా గొడవ జరిగిందంటే అది బాక్సింగ్ గురించే. టాపిక్ ఎప్పుడూ ఒకటే. 160 పౌండ్ల మిడిల్‌వెయిట్‌లో గట్టి పంచ్ ఉన్నవాళ్లందర్నీ, కాలంతో పని లేకుండా ఒకే రింగులోకి దింపితే చివరికి ఎవరు మిగులుతారు? ఒకడు జెరాల్డ్ మెక్లెల్లన్ అంటాడు, ఇంకొకడు గోలోవ్కిన్ అంటాడు. నా ఓటు మార్విన్ హాగ్లర్‌కి.

ముందు ఒక మాట. చాలామంది నాకౌట్ల లెక్క తీసి సార్ట్ కొట్టేస్తారు. సార్ట్ పనిచేయాలంటే ఏ కంటే బి, బి కంటే సి పెద్దదైతే, ఏ కంటే సి కూడా పెద్దది కావాలి. రింగులో ఆ రూల్ నడవదు. 1984లో హెర్న్స్ డురాన్‌ని రెండో రౌండ్లోనే పడగొట్టాడు. 1988లో బార్క్‌లీ హెర్న్స్‌ని మూడో రౌండ్లో ముగించాడు. ఈ లెక్కన బార్క్‌లీ ముందు డురాన్ నిలబడకూడదు. కానీ 1989లో డురానే బార్క్‌లీని ఓడించి మిడిల్‌వెయిట్ టైటిల్ పట్టుకుపోయాడు. మొదటి మ్యాచ్ ఆరు పౌండ్లు తక్కువ వెయిట్‌లో జరిగింది, నిజమే. అయినా ఈ చక్రాన్ని ఏ అల్గారిథమ్ వరసలో పెడుతుంది?

అందుకే పంచ్ ఒక్కటే కాదు, పంచ్ తిన్నాక ఏం జరుగుతుందో చూడాలి. 1985 ఏప్రిల్ 15, లాస్ వెగాస్. హెర్న్స్ కుడిచేతి దెబ్బలన్నీ హాగ్లర్ మొదటి రౌండ్లోనే తిన్నాడు. హెర్న్స్ చెయ్యి విరిగింది, హాగ్లర్ నుదురు చిట్లి రక్తం కారింది. మూడో రౌండ్లో డాక్టర్ వచ్చి గాయం చూసి వెళ్లాడు. కాసేపట్లోనే హెర్న్స్ కింద ఉన్నాడు. మొత్తం 67 మ్యాచుల్లో హాగ్లర్‌ని నాకౌట్ చేసినవాడు ఒక్కడూ లేడు. గోలోవ్కిన్ దవడ కూడా అంత గట్టిదే, వరసగా 23 నాకౌట్లు కొట్టాడు. ఆ మ్యాచ్ 12 రౌండ్లూ వెళ్తుంది. కుడి, ఎడమ స్టాన్స్ మార్చుకుంటూ ఆడే హాగ్లర్ పాయింట్ల మీద బయటపడతాడని నా లెక్క.

మెక్లెల్లన్ 31 గెలుపుల్లో 29 నాకౌట్లు, అందులో 20 మొదటి రౌండ్లోనే. హాగ్లర్ మొదటి మూడు రౌండ్లు కాచుకుంటే చాలు, ఆ తర్వాత మ్యాచ్ తనదే. ఇలా నేను చాలాసార్లు వాదించి గెలిచాను కూడా.

ఒక విషయం ఒప్పుకోవాలి. 1995లో లండన్‌లో మెక్లెల్లన్, నైజెల్ బెన్ ఆడిన మ్యాచ్‌లో నేను చాలాకాలం చూసింది మొదటి రౌండ్ క్లిప్ మాత్రమే. బెన్ తాళ్ల మధ్యనుంచి బయటికి పడిపోయే సీన్ అది. మొత్తం మ్యాచ్ ఈ మధ్యే చూశాను. మెక్లెల్లన్ అదేపనిగా కళ్లు ఆర్పుతుంటాడు. పదో రౌండ్లో మోకాలి మీద కూర్చుని, లెక్క పూర్తయ్యేదాకా లేవడు. తర్వాత తన కార్నర్లో కుప్పకూలాడు. మెదడులో రక్తం గడ్డకట్టి ఆపరేషన్ అయింది. చూపు పోయింది. అప్పటికి అతని వయసు 27.

నేను "మూడు రౌండ్లు కాచుకుంటే చాలు" అని ఈజీగా అనేసిన చోటు అదే. ఆ తర్వాతి రౌండ్లలో ఒక మనిషికి ఏమైందో చూడకుండానే వాదన గెలిచేశాను.

వాదించుకోవడం మానేద్దామని అనట్లేదు. హాగ్లరే గెలుస్తాడని ఇప్పటికీ అంటాను. కానీ ఈసారి ఎవరైనా "మెక్లెల్లన్ ఒక్క గుద్దుకి లేపేస్తాడు రా" అంటే ముందు ఒకటే అడుగుతా: పదో రౌండ్ చూశావా?