పాత గౌనూ, దొరల బట్టలూ



గడచిన క్రిస్మస్ దినాలలో ఒక పల్లెలో కుటుంబాలను దర్శించడానికి వెళ్ళాము. ఒక ఇంట తల్లి, తండ్రి, పెద్ద కుమారుడు ఆరాధనకు వచ్చారు గాని పదేండ్ల కుమార్తె మాత్రం రాలేదు. "ఒంట్లో బాగా లేదా అమ్మా?" అని అడిగాము. ఆ తల్లి తల వంచుకొని, "జ్వరమేం లేదు అయ్యగారూ. నిరుటి గౌనే వేసుకోమన్నాను. అందరూ కొత్తబట్టలతో వస్తారు, నేను రానని పంతం పట్టింది. ఈ ఏడు పత్తి పోయింది. అప్పు చేసి కుట్టించడానికి నా మనసొప్పలేదు" అన్నది.

ఆ ఇంటి గోడమీద పెద్దల కాలపు ఫొటో ఒకటి ఉన్నది. మిషను బంగళా ముందు తీయించుకొన్నది. కోటు, టోపీతో దొరగారు, పొడవాటి గౌనుతో, చేతి తొడుగులతో దొరసానిగారు. వారి చుట్టూ మన తాతలు, అవ్వలు. ఆ చిన్నది ఆ ఫొటో చూపించి, "దొరలకు పాతబట్టలు ఉండవు గదా అమ్మగారూ?" అని అడిగింది. మాకు వెంటనే జవాబు తోచలేదు. ఇంటికి వచ్చి ఆలోచించాము, చదివాము. ఆ బిడ్డకు చెప్పవలసిన జవాబునే ఈ నెల మీతో పంచుకొంటున్నాము.

మనకు తెల్లవారందరూ దొరలే. కాని వారి దేశంలో అందరూ దొరలు కారు. భారతదేశానికి వచ్చిన విలియం కేరీగారు చెప్పులు కుట్టుకొని బ్రతికినవారే. బ్రిటన్‌లో అసలు దొరలు వేరు. తరతరాలుగా భూములు, బిరుదులు, కోటల వంటి ఇండ్లు ఉన్నవారు. "మేము వేరు, మీరు వేరు" అని చూపించడానికి వారు బట్టను ఎట్లు వాడుకొన్నారో, ఆ గుర్తు కాలాన్నిబట్టి ఎట్లు మారిందో తెలిసికొంటే మనకు కొంత బుద్ధి వస్తుంది.

చట్టం కట్టిన గోడ

నాలుగు వందల ఏండ్ల క్రితం ఇంగ్లాండులో ఎవరు ఏ బట్ట కట్టాలో చట్టమే చెప్పేది. 1574లో ఎలిజబెత్ రాణి ప్రకటన ఒకటి వెలువడింది. ఊదారంగు పట్టు, బంగారు జరీ బట్ట రాజకుటుంబానికి, గొప్ప బిరుదులవారికి మాత్రమే. ముఖమల్ ఎవరికి, ఏ జంతువు బొచ్చు ఎవరికి అని మెట్టుమెట్టుగా వ్రాసిపెట్టారు. అంతకు మూడేండ్ల ముందు, 1571లో, మరో చట్టం వచ్చింది. ఆరేండ్లు దాటిన సామాన్యులందరూ ఆదివారాల్లో, పండుగ దినాల్లో ఉన్ని టోపీ పెట్టుకొనాలి. లేకుంటే జరిమానా. ఉన్ని నేసేవారికి పని దొరకాలని ఆ చట్టం చేశారు గాని, గొప్పవారికి దానినుండి మినహాయింపు ఉండేది. గనుక ఆ టోపీ కనిపిస్తే చాలు, మనిషి అంతస్తు తెలిసిపోయేది.

ఈ చట్టాలు ఎక్కువకాలం నిలువలేదు. డబ్బు చేతికి వచ్చిన వర్తకుడు పట్టు కొనకుండా ఎవరు ఆపగలరు? 1604లో బట్టల చట్టాలను రద్దు చేశారు. చట్టం పోయింది గాని, గోడ కట్టుకోవాలనే మనసు పోలేదు.

తర్వాత ఆ గోడను కదిలించినది మన బందరు బట్టే అంటే ఆశ్చర్యపడతారు. 1611లో ఇంగ్లీషు కంపెనీవారు మచిలీపట్నంలో వర్తకశాల పెట్టారు. కోరమాండల్ తీరపు అద్దకపు నూలుబట్టలు ఓడలెక్కి లండను చేరాయి. తేలికైన బట్ట, ఉతికినా పోని రంగు, అందమైన పూలు, పైగా పట్టుకంటే చవక. మొదట గొప్పవారి ఇండ్లలో పరదాలుగా, దుప్పట్లుగా వెళ్ళిన ఆ బట్ట క్రమంగా దొరసాని ఒంటిమీదికి, ఆ తర్వాత పనిమనిషి ఒంటిమీదికి కూడ ఎక్కింది. యజమానురాలెవరో పనిమనిషెవరో బట్టనుబట్టి తెలియడం లేదని, "రాబిన్సన్ క్రూసో" వ్రాసిన డేనియల్ డిఫో 1725లో సణుగుకొన్నాడు. అక్కడి ఉన్ని, పట్టు నేతగాండ్రు తమ పొట్ట కొడుతున్నారని అల్లరి చేశారు. 1700లోను, 1721లోను పార్లమెంటు ఆ బట్టలను నిషేధించింది. నిషేధం 1774లో గాని తొలగలేదు. అప్పటికి వారు స్వంతంగా నూలుబట్ట తయారుచేయడం నేర్చుకొన్నారు.

పిండి పోయి, నలుపు వచ్చింది

పద్దెనిమిదవ శతాబ్దపు దొర మనకిప్పుడు కనిపిస్తే నాటకాలవాడనుకొంటాము. పట్టుకోటు, జరీ పూలు, మోకాళ్ళ వరకు బిగువైన మేజోళ్ళు, తలమీద పెట్టుడు జుట్టు, దానిమీద తెల్లని పిండి. ఆ పిండిని గోధుమల వంటి ధాన్యపు గంజితో చేసేవారు. 1795లో ఫ్రాన్సుతో యుద్ధానికి డబ్బు కావలసివచ్చి ప్రధానమంత్రి పిట్ ఆ పిండిమీద పన్ను వేశాడు. పిండి చల్లుకొనే మనిషికి ఏడాదికి ఒక గినీ, అంటే 21 షిల్లింగులు. అదే ఏడు పంట సరిగా పండక రొట్టె ధర పెరిగింది. బీదవారు రొట్టెకు ఏడుస్తుంటే తలమీద పిండి చల్లుకోవడం అనేకులకు సిగ్గనిపించింది. కొన్నేండ్లలోనే ఆ అలవాటు చాలావరకు పోయింది.

ఆ కాలంలోనే జార్జి బ్రమ్మెల్ అనేవాడు పేరుకెక్కాడు. పుట్టుకతో దొర కాదు. రంగురంగుల పట్టు వదిలేసి, ఒంటికి సరిగా అతికిన ముదురురంగు కోటు, శుభ్రమైన తెల్లని చొక్కా, గంజి పెట్టిన మెడగుడ్డ – ఇంతే. రోజూ స్నానం, గడ్డం. యువరాజు అంతటివాడు అతడు ముస్తాబయ్యేది చూడడానికి వచ్చేవాడట. నేటికీ మన పెండ్లికుమారులు తొడిగే సూటుకు మూలం ఆ రోజులలోనే ఉన్నది. చూడడానికి నిరాడంబరం. కాని ఆ నిరాడంబరానికి అయ్యే ఖర్చు సామాన్యులకు అందేది కాదు. ఆ గొప్పవారి మధ్య బ్రతుకుతూ, జూదమాడి, అప్పులపాలై 1816లో బ్రమ్మెల్ రాత్రికి రాత్రి ఫ్రాన్సుకు పారిపోయాడు. 1840లో అక్కడే ఒక పిచ్చాసుపత్రిలో చనిపోయాడు. దేశమంతటికీ బట్ట కట్టడం నేర్పినవాడికి చివరికి తన బట్ట శుభ్రంగా ఉంచుకొనే శక్తి కూడ లేకపోయింది.

ఆ గౌను ఎవరు కుట్టారు?

విక్టోరియా రాణి కాలం వచ్చింది. మగవారు నలుపులోకి వెళ్ళారు. ఆడంబరమంతా ఆడవారి గౌనులోకి వచ్చింది. నడుము ఊపిరాడకుండా బిగించే లోదుస్తు, కింద ఉక్కు కమ్మీలతో బుట్టలాగా నిలిచే పావడా. ఉదయానికి ఒక గౌను, షికారుకు ఒకటి, రాత్రి భోజనానికి మరొకటి. ఒకరింటికి వెళ్ళాలంటే పేరు అచ్చువేసిన చీటీ ముందుగా పంపాలి. దొరల కుమార్తెలు ఈడుకు రాగానే తెల్లని గౌను తొడిగి, తలలో ఈకలు ధరించి రాణిగారి ఎదుట వంగి నమస్కరించాలి. అప్పటినుండే పెద్దల విందులకు పిలుపు, పెండ్లి సంబంధాలు.

ఈ వైభవం వెనుక ఒక చీకటి గది ఉన్నది. 1863 జూన్ నెలలో మేరీ ఆన్ వాక్లీ అనే ఇరవై ఏండ్ల అమ్మాయి లండనులో చనిపోయింది. దొరసానుల గౌన్లు కుట్టే ఒక పేరుమోసిన దుకాణంలో ఆమె కుట్టుపనిది. కొత్తగా వచ్చిన యువరాణి గౌరవార్థం నృత్య విందు జరుగుతున్నది. గౌన్లు ఆ వేళకు అందాలి. ఆమె మరి అరవైమంది అమ్మాయిలతో కలిసి, గదికి ముప్పైమంది చొప్పున, గాలి చాలని చోట ఇరవై ఆరున్నర గంటలు ఎడతెగక కుట్టింది. శుక్రవారం జబ్బుపడింది. ఆదివారం ప్రాణం విడిచింది. అతి శ్రమ, గాలి లేని గది ఆమెను చంపాయని వైద్యుడు సాక్ష్యం చెప్పాడు. ఆ గౌన్లు తొడిగి వెలిగిపోయిన దొరసానులలో ఎంతమంది ఆ బిడ్డను తలచుకొన్నారో!

ఆలయాలలో సైతం ఈ గోడ ఉండేది. ముందు వరుస పీటలకు అద్దె చెల్లించి గొప్ప కుటుంబాలు కూర్చొనేవి. బీదలకు వెనుక బల్లలు. 1851లో అక్కడ ఆరాధనకు వచ్చేవారిని లెక్కించినప్పుడు, కూలివారు ఆలయాలకు దూరం కావడానికి ఈ తేడాలు కూడ కారణమని నివేదిక వ్రాసిన హోరేస్ మాన్ తెలిపాడు. మంచి బట్టలు లేక ఇంట ఉండిపోయిన బీదలు ఆ దేశంలోనూ ఎందరో. మా పల్లెలోని ఆ చిన్నది ఒంటరిది కాదు.

కూపన్ల పెండ్లి

రెండు ప్రపంచ యుద్ధాలు దొరల పద్ధతులను కదిలించాయి. కుమారులు యుద్ధంలో చనిపోయారు, పన్నులు పెరిగాయి, పనివారు ఫ్యాక్టరీలకు వెళ్ళిపోయారు. అనేక పెద్ద భవంతులను నడపలేక పడగొట్టారు. 1941 జూన్‌లో ప్రభుత్వం బట్టలకు రేషను పెట్టింది. మొదటి ఏడాదికి మనిషికి 66 కూపన్లు. మగవారి సూటు ఒక్కదానికే 26 పోతాయి. దొరకైనా కూలికైనా లెక్క ఒకటే. పాత కోటు విప్పి తిరగేసి కుట్టుకోవడం దేశసేవ అయింది. 1947లో ఎలిజబెత్ యువరాణి పెండ్లి నాటికి కూడ రేషను తీరలేదు. ఆమె గౌనుకోసం ముఖమెరుగని స్త్రీలు తమ కూపన్లను పంపారు. ఒకరి కూపను ఇంకొకరు వాడడం నేరం గనుక వాటిని తిరిగి పంపవలసివచ్చింది. రేషను 1949లో ముగిసింది. దొరల కుమార్తెలు రాణి ఎదుట వంగే ఆచారం 1958తో ఆగిపోయింది.

అప్పటికి అంగడి బట్టలు అందరికీ అందుతున్నాయి. మరి గోడ పోయిందా? లేదు, చోటు మారింది. 1954లో ఆలన్ రాస్ అనే భాషా పండితుడు, బట్టకంటె మాటలో దొరతనం తెలిసిపోతుందని వ్రాశాడు. భోజనాల బల్లమీది తుడుచుకొనే గుడ్డను "నాప్కిన్" అంటే దొర, "సర్వియెట్" అంటే కాదు! 1960ల తర్వాత పొట్టి గౌను వంటి కొత్త పోకడలు కోటలనుండి గాక వీధులనుండి పుట్టాయి. దొరల కుమార్తెలు వాటిని అనుకరించారు. దొరలేమో పాతబడిన కోటునే తమ గుర్తుగా చేసుకొన్నారు. మోచేతికి తోలు అతుకు, అంచు చిరిగిన కాలరు. 1894లో మొదలై ఓడరేవు కూలీలకు, నావికులకు వానకోట్లు అమ్మిన బార్బర్ కంపెనీ కోటు 1980లలో దొరల పిల్లల గుర్తయింది. కొత్తగా డబ్బు చేసినవాడు కొత్తకోటు తొడుగుతాడు, మాది తాతలనాటిది అని వారి అతిశయం. పాతబట్టలోనూ గర్వం దాగి ఉండగలదని ఇందువల్ల తెలుస్తున్నది.

ఆ బిడ్డకు మా జవాబు

ఈ కథలో ఒక సంగతి గమనించారా? ఊదారంగు పట్టు, తలమీద పిండి, బుట్ట గౌను, మాట తీరు, చివరికి చిరిగిన కాలరు – గుర్తు మారుతూనే ఉన్నది. క్రిందివారు అందుకొనేసరికి పైవారు మరొకటి పట్టుకొంటారు. ఆ పరుగులో గెలిచినవారు లేరు. అప్పులపాలైనవారు, కుట్టి కుట్టి చనిపోయినవారు మాత్రం ఉన్నారు. క్రిస్మస్‌కు, పెండ్లికి, ఎదురింటివారిని చూచి మనము చేసే అప్పు కూడ ఆ పరుగులోనిదే. వడ్డీ కట్టేది మాత్రం మన చేనే.

మేము మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాము. చిన్నదానిని దగ్గర కూర్చోబెట్టుకొని, "అమ్మాయీ, దొరలకూ పాతబట్టలు ఉంటాయి. ఎలిజబెత్ రాణి కుమార్తె ఆన్ యువరాణి 1981లో తన అన్న పెండ్లికి ఒక గౌను తొడిగింది. 27 ఏండ్ల తర్వాత, 2008లో, ఇంకొక పెండ్లికి అదే గౌను తొడిగి వెళ్ళింది. నీ గౌనుకు ఇంకా ఏడాదే!" అని చెప్పాము. నవ్వింది. తర్వాతి ఆదివారం ఆ నిరుటి గౌనుతోనే వచ్చింది. అంచు కొంచెం దించి కుట్టింది తల్లి.

కాని తల్లిదండ్రులారా, ఆ బిడ్డను ఇంట కూర్చోబెట్టినది ఆమె గౌను కాదు, మన చూపు. గుడి మెట్లమీద "కొత్తదా? ఎంతయింది?" అని మనమే గదా అడుగుతాము! యాకోబు పత్రిక రెండవ అధ్యాయం ఈ వారం కుటుంబ ప్రార్థనలో చదువుకొనండి. వచ్చే పండుగకు బట్టలు కొనేముందు ఇంటిల్లిపాది కూర్చొని రెండు ప్రశ్నలు వేసుకొనండి: ఇది ఎవరు చూడాలని కొంటున్నాము? దీనికి డబ్బు ఎక్కడనుండి వస్తున్నది? జవాబు నిజాయితీగా చెప్పుకొంటే చాలు.