చెరువు ఒడ్డుకు టైల్స్ వద్దు, చెట్లు కావాలె!

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రజలారా!

మళ్ల చెరువు మీదికి జేసీబీ వచ్చింది. ఈతపొదలు, వావిలి, అంచున తుంగ, జమ్ము ఒక్క పూటల చదునైనయి. వాటి జాగల టైల్స్, రెయిలింగు, రంగుల లైట్లు. దీని పేరు సుందరీకరణ!

2015ల మిషన్ కాకతీయ పెట్టి పూడిక తీసిన్రు, మంచిదే. తీసిన పూడిక తిరిగి రాకుండ ఆపేదేంది? ఒడ్డు మన్నును పట్టుకున్న వేరు. దాన్నే పీకేస్తే వానవానకు మన్ను జారి చెరువులనే పడ్తది. మళ్ల టెండరు, మళ్ల బిల్లు!

కొర్రమట్టను రాష్ట్ర చేప అన్నం. అది గుడ్లు పెట్టేది ఒడ్డున, లోతు లేని నీళ్లల్ల, గడ్డి నడుమ. నాచును పక్కకు జరిపి గూడు చేసుకుంటది. పిల్లలు గుంపుగ తేలితే కిందనే ఉండి కావలి కాస్తది. నున్నటి రాతికట్టు మీద అదెక్కడ గూడు పెట్టాలె? చేపపిల్లలు వదిలి ఫొటోలు దిగే నాయకులారా, ముదిరాజులకు, గంగపుత్రులకు జవాబు చెప్పున్రి. ఒడ్లు చదును చేసి, బతుకమ్మకు గునుగు, తంగేడు సైతం బజార్ల కొనుక్కునే గతి పట్టించిన్రు.

వెనుకట చెరువు నీళ్లు చూసుకునే నీరటి ఉండె. కట్ట మీద కొమ్మ విరిస్తే ఊరు నిలదీసేది. ఇయ్యాల నరికినోనికే కాంట్రాక్టు! 2021 వానకాలం సిరిసిల్ల వీధులు వాగులైనయి, కొత్త కలెక్టరేటులకూ నీళ్లొచ్చినయి. నీళ్ల జాగ మనం గుంజుకుంటే అవి మన ఇండ్లల్లకొస్తయి.

ఒడ్డున చెట్లు, పొదలుంటే పాములొస్తయంటరు. గుర్రపుడెక్కల లేవా పాములు? వేర్లతోని కట్టకు బుంగ పడ్తదంటరు. పెద్ద మాన్లు కట్ట మీద పెట్టమన్నదెవరు? అవి శిఖం అంచుకు, వాగు ఒడ్డుకు.

పది హెక్టార్లు, ఆపై చెరువుకు ఎఫ్‌టీఎల్ (నిండు నీటిమట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు వదలాలని 2012 నాటి జీవో 168 చెప్తున్నది. ముందు ఆ హద్దురాళ్లు పాతాలె. నీటి అంచున తుంగ, జమ్ము, వట్టివేరు; ఆపైన వావిలి, ఈత; ఇంకా పైన మద్ది, నేరేడు, కానుగ పెట్టాలె. కోనోకార్పస్ ఒక్కటి కూడ వద్దు. నాటించి, తర్వాత వద్దన్నది సర్కారే. ఊరూరికీ నర్సరీ ఉండాలె, నాటిన మొక్కల్ల 85 శాతం బతకాలె అన్నది 2018 పంచాయతీరాజ్ చట్టం. అడిగే హక్కు మనది.

వచ్చే గ్రామసభల, వార్డు సభల ఈ కరపత్రం పట్టుకొని లేవున్రి. ఒడ్డుకు సిమెంటు పనులు ఆపాలని తీర్మానం రాయించి, సంతకాలు పెట్టించి, నకలు తీసుకున్నంకనే ఇంటికి పోవున్రి.