తేట నీళ్లు... పచ్చ నీళ్లు

సీసా మీద 'కొల్లాయిడల్ సిల్వర్' అని ఉంటుంది. మూత తీసి చూస్తే మంచినీళ్లంత తేటగా ఉంటుంది. అనుమానించాల్సింది అక్కడే!

నీళ్లలో వెండి రెండు రకాలుగా ఉండగలదు. ఉప్పు కరిగినట్టు పూర్తిగా కరిగిపోయి, ఒక్కో పరమాణువు ఒక ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకుని విడివిడిగా తిరుగుతుంటే అది అయానిక్ వెండి. దానికి రంగుండదు. అలా కరగకుండా, పాలలో వెన్న రేణువుల్లా కంటికి ఆనని వెండి నలుసులు తేలుతుంటే అది కొల్లాయిడల్. ఈ నలుసులు ఊదా, నీలి కాంతిని పీల్చుకుంటాయి కాబట్టి ఆ నీళ్లు సాధారణంగా పసుపుపచ్చగా కనిపిస్తాయి. చీకట్లో లేజర్ లైటు వేస్తే కిరణం వెళ్లే దారి తెలుస్తుంది. రెండు వెండి తీగలు, 9 వోల్టుల బ్యాటరీతో కొందరు ఇంట్లోనే చేసుకునే నీళ్లలో ఎక్కువగా ఉండేది అయాన్లే. పేరు మాత్రం కొల్లాయిడల్!

కాస్త ఉప్పు వేస్తే గుట్టు బయటపడుతుంది. అయాన్లు ఎక్కువగా ఉంటే అవి క్లోరైడ్‌తో కలిసి నీళ్లు తెల్లగా మసకబారతాయి. కడుపులోని ఆమ్లం చేసేదీ ఇదే. 'మా నలుసులు అలా మారవు' అనేది కొల్లాయిడల్ అమ్మేవారి వాదన. కానీ క్రిముల్ని చంపేది ప్రధానంగా అయాన్లే. నలుసులు కూడా వాటిని నెమ్మదిగా విడుదల చేస్తేనే పని జరుగుతుంది. కాలిన గాయాలకు డాక్టర్లు రాసే సిల్వర్ సల్ఫాడయాజిన్ క్రీము కథా అంతే. అయితే అది పైపూత. పసివాడి ఉగ్గుగిన్నె వెండిది కావడం వేరు, వెండినే ఉగ్గుగా పోయడం వేరు కదా.

ఏ రకమైనా ఎక్కువకాలం తాగితే వెండి చర్మంలో పేరుకుంటుంది. ఎండ తగిలేకొద్దీ నల్లబడుతుంది. ఆర్జీరియా అంటారు. అమెరికాలోని మోంటానాకు చెందిన స్టాన్ జోన్స్, 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు మొరాయించి మందులు దొరకవేమోనన్న భయంతో, 1999లో వెండి నీళ్లు తయారుచేసుకుని తాగడం మొదలుపెట్టారు. 2002లో సెనేట్‌కు పోటీ చేసేనాటికి ఆయన ఒళ్లు నీలిబూడిద రంగుకు తిరిగింది. అది సబ్బుతో పోయే రంగు కాదు. ఆ 1999లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, డాక్టరు చీటీ లేకుండా అమ్మే వెండి మందుల భద్రతకూ, ఫలితానికీ రుజువు లేదని తేల్చింది.

ఇంకొకటి. థైరాయిడ్ మాత్రలు, కొన్ని యాంటీబయాటిక్స్ ఒంటికి పట్టకుండా వెండి అడ్డుపడవచ్చు. ఇప్పటికే తాగుతున్నవారు ఆ సీసాను పట్టుకెళ్లి డాక్టరుకు చూపించాలి.