ఆస్ప్రే తిరిగొచ్చేది జంట కోసం కాదు

మార్చి నెలాఖరు నుంచి స్కాట్లాండ్, వేల్స్, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో ఆస్ప్రేలు ఒక్కొక్కటే గూళ్లకు చేరుకుంటాయి. చాలా గూళ్ల మీద కెమెరాలున్నాయి కాబట్టి ఆ రాకను ప్రపంచమంతా చూస్తోంది. చూసినవాళ్లలో ఎక్కువమంది చెప్పుకునే కథ ఒకటే. ఆరు నెలల ఎడబాటు తర్వాత ఆలుమగలు ఒకరికోసం ఒకరు వేల కిలోమీటర్లు ఎగిరొచ్చారని, ఈ పక్షులు బతికినన్నాళ్లూ ఒక్క జోడుతోనే ఉంటాయని, మనుషులు వీటిని చూసి బుద్ధి తెచ్చుకోవాలని. మన కొరమీను గద్ద ఇదే పక్షి. దాని గురించి తెలుగులో రాసేటప్పుడు కూడా తరచు ఇదే కథను ఎత్తుకుంటున్నాం.

ఈ కథ నిజం కాదు. పక్షుల మీద ప్రేమతో చెప్పిన చిన్న అబద్ధమే కదా అని సరిపెట్టుకోవడానికీ వీల్లేదు. ఆస్ప్రే వచ్చేది గూటి కోసం, ఆ గూటికి దగ్గర్లోని నీళ్ల కోసం, ఆ నీళ్లలోని చేపల కోసం. జంటను చూసి మురిసిపోతూ కూర్చుంటే మన చూపు ఈ మూడింటి మీద నిలవదు. ఆ పక్షిని ఒకప్పుడు పోగొట్టుకున్నదీ, మళ్లీ దక్కించుకున్నదీ ఈ మూడింటి దగ్గరే.

ముందు ఎడబాటు సంగతి చూద్దాం. బ్రిటన్ ఆస్ప్రేలు చలికాలం గడిపేది పశ్చిమాఫ్రికాలో, ముఖ్యంగా సెనెగల్, గాంబియా తీరాల్లో. దారిలో సముద్రాన్నీ, సహారా ఎడారినీ దాటాలి. శాటిలైట్ ట్రాన్స్‌మిటర్లు కట్టి ఈ ప్రయాణాలను ఏళ్ల తరబడి గమనించారు. ఆడపక్షి ఆగస్టులో ముందుగా వెళ్లిపోతుంది. మగపక్షి ఉండిపోయి, ఎగరడం నేర్చిన పిల్లలకు ఇంకొన్నాళ్లు చేపలు తెచ్చిపెట్టి, అవి వెళ్లాక తానూ బయల్దేరుతుంది. జంట కలిసి ప్రయాణం చేయదు. చలికాలం ఒకేచోట ఉండదు. ఇంగ్లండ్‌లోని రట్లాండ్ వాటర్ దగ్గర 2013లో ట్రాన్స్‌మిటర్ కట్టిన ఒక ఆడపక్షి ఏటా సెనెగల్ తీరంలో అదే జాగాకు వెళ్లేది, వసంతంలో అదే రట్లాండ్ గూటికి వచ్చేది. రెండు చివర్లా అది పట్టుకుని ఉన్నది స్థలాన్నే. పాత జంట మళ్లీ కలుస్తోందంటే కారణం, రెండూ విడివిడిగా ఒకే గూటిని గుర్తుపెట్టుకుని రావడం.

మరి ఒకటి వచ్చి, రెండోది రాకపోతే? 2007లో స్కాట్లాండ్‌లోని లాక్ గార్టెన్ గూటికి ఈజే అనే ఆడపక్షి వచ్చింది. దాని పాత జోడు హెన్రీకి ఆలస్యమైంది. ఈజే ఎదురుచూస్తూ కూర్చోలేదు. వీఎస్ అని గుర్తున్న మరో మగపక్షితో జతకట్టి గుడ్లు పెట్టింది. ఆ తర్వాత హెన్రీ వచ్చింది. వీఎస్‌ను తరిమేసింది. గూట్లోని గుడ్లను కాళ్లతో బయటికి తోసేసింది. మరుసటేడు హెన్రీ రాలేదు. ఈజే అదే గూట్లో ఓడిన్ అనే మగపక్షితో జతకట్టింది. ఇందులో వ్రతమూ లేదు, ద్రోహమూ లేదు. గుడ్డు పొదగడానికి 37 రోజులు పడుతుంది. పిల్ల ఎగరడానికి మరో ఏడెనిమిది వారాలు పడుతుంది. ఆ తర్వాత అది తనంతట తాను చేప పట్టడం నేర్చుకుని, చలి ముదరకముందే ఆఫ్రికా దారి పట్టాలి. ఏప్రిల్‌లో రెండు వారాలు పోతే ఆ ఏడాది సంతానానికే ఎసరు. రాని జోడు కోసం కాచుకుని కూర్చునే వెసులుబాటు ఆ పక్షికి ప్రకృతి ఇవ్వలేదు.

ఇది ఒక్క గూటి ముచ్చట అనుకోవద్దు. వేల్స్‌లోని డైఫీ గూటిలో మాంటీ అనే మగపక్షికి మొదట జోడు నోరా. 2013లో నోరా రాకపోతే గ్లెస్నీ వచ్చింది. 2018లో గ్లెస్నీ రాకపోతే టెలిన్ వచ్చింది. 2020లో మాంటీ కూడా రాలేదు, దాని స్థానంలో ఇడ్రిస్ వచ్చింది. పదేళ్లలో పక్షులన్నీ మారిపోయాయి. గూడు మాత్రం ఖాళీ కాలేదు. స్కాట్లాండ్‌లోని లాక్ ఆఫ్ ది లోస్ గూటికి లేడీ అని పిలిచే ఆడపక్షి 24 ఏళ్లు వచ్చింది, 71 గుడ్లు పెట్టింది, 50 పిల్లల్ని ఎగరేసింది. ఆ కాలంలో దాని పక్కన మగపక్షులు మారాయి. గూడు అదే.

దీనికంటే గట్టి రుజువు రట్లాండ్‌లోనే ఉంది. 1996 నుంచి అక్కడికి స్కాట్లాండ్ గూళ్లలోని ఆస్ప్రే పిల్లలను ఆరు వారాల వయసులో తీసుకొచ్చారు. నీటి ఒడ్డున పంజరాల్లో ఉంచి, మనిషి కనబడకుండా చేపలు పెట్టి, రెక్కలొచ్చాక వదిలేశారు. అవి ఆఫ్రికా వెళ్లాయి. రెండు మూడేళ్ల తర్వాత తిరిగొచ్చినవి, పుట్టిన స్కాట్లాండ్‌కు పోకుండా, ఎగరడం నేర్చుకున్న రట్లాండ్‌కు వచ్చాయి. 2001లో అక్కడ మొదటిసారి పిల్ల పుట్టింది. మధ్య ఇంగ్లండ్‌లో 150 ఏళ్లకు పైగా జరగనిది అది. ఆ ప్రయత్నం చేసినవాళ్లు ప్రేమకథను నమ్ముకుని ఉంటే ఒక్క పక్షీ వచ్చేది కాదు. పక్షి మనసులో ముద్రపడేది స్థలమని తెలుసుకున్నారు కాబట్టే సాధించారు.

ఇప్పుడు రెండో వాదం. కథ తప్పే అయినా దానివల్ల జనం పక్షులను ప్రేమిస్తున్నారు, ఎవరికి నష్టం అంటారు. నష్టం ఉంది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థ ఒక గూటి మీద కెమెరా పెట్టింది. 2014లో అక్కడి ఆడపక్షి పిల్లలకు సరిగా తిండి పెట్టక, వాటినే పొడవడం మొదలుపెట్టింది. చూసేవాళ్లు దాన్ని చెడ్డ తల్లి అని తిట్టారు. పిల్లల్ని తీసేయమని సంస్థ మీద విరుచుకుపడ్డారు. గూటిని సంసారంగా చూడటం అలవాటైనవాళ్లకు పక్షిని విచారించి శిక్షించాలని అనిపించడం ఎంతో దూరం కాదు. ఆ తల్లికి చేప ఎంత దొరుకుతోంది, ఆ నీళ్లలో ఏం జరుగుతోంది అన్న ప్రశ్నలు ఆ గోలలో వినబడవు.

ఆ ప్రశ్నలు అడిగినవాళ్లు ఉన్నారు కాబట్టే ఇవాళ ఆస్ప్రేలు ఉన్నాయి. అమెరికాలో కనెక్టికట్ నది సముద్రంలో కలిసే చోట 1938లో సుమారు 200 గూళ్లుండేవి. 1965 నాటికి 12 మిగిలాయి. జంటలు వచ్చేవి, గుడ్లు పెట్టేవి, పొదిగేవి. పిల్లలు మాత్రం వచ్చేవి కావు. పాల్ స్పిట్జర్ అనే యువ పరిశోధకుడు 1968, 69లలో చెసాపీక్ అఖాతం నుంచి ఆస్ప్రే గుడ్లు తెచ్చి ఇక్కడి గూళ్లలో పెట్టాడు. అవే పక్షులు, అవే గూళ్లు, ఈసారి పిల్లలు వచ్చాయి. లోపం తల్లిదండ్రుల్లో లేదు, గుడ్డులో ఉందని తేలిపోయింది. పొలాల మీదా, దోమల మీదా చల్లిన డీడీటీ చేపల్లోకి చేరింది. చేపల నుంచి పక్షిలోకి చేరింది. గుడ్డు పెంకు ఎంత పల్చబడిందంటే పొదగడానికి కూర్చున్న తల్లి బరువుకే చిట్లిపోయేది. లాంగ్ ఐలండ్‌లో చార్లెస్ వుర్‌స్టర్, డెనిస్ పుల్స్టన్, మరికొందరు 1966లో దోమల నివారణ సంఘం మీద కోర్టుకెక్కారు. 1972లో అమెరికా అంతటా డీడీటీని నిషేధించారు. ఆ తర్వాతే గూళ్లు మళ్లీ నిండాయి.

బ్రిటన్‌లో విషంకంటే ముందు మనిషి చెయ్యి పడింది. చేపల యజమానులు కాల్చారు. గుడ్లు సేకరించేవాళ్లు దోచారు. 1916 తర్వాత అక్కడ ఆస్ప్రే గూడు లేకుండా పోయింది. 1954లో లాక్ గార్టెన్ ప్రాంతానికి ఒక జంట వచ్చింది. 1958లో కాపలా ఉండగానే ఒక దొంగ రాత్రిపూట చెట్టెక్కాడు. తరిమితే పారిపోయాడు. అసలు గుడ్లు చెట్టు కింద పగిలి ఉన్నాయి. గూట్లో రెండు కోడిగుడ్లు ఉన్నాయి, వాటికి గోధుమరంగు బూట్ పాలిష్ పూసి ఉంది. పక్షి వాటినే నమ్మి కూర్చునేలా మోసం చేశాడు. మరుసటేడు పక్షి సంరక్షకుడు జార్జ్ వాటర్‌స్టన్ ఒక నిర్ణయం తీసుకున్నాడు. గూడు ఎక్కడుందో దాచడం మానేసి, కాపలా పెట్టి, జనాన్ని పిలిచి దూరం నుంచి చూపించాడు. ఆ ఒక్క వేసవిలో దాదాపు 14,000 మంది వచ్చారు. వాళ్లెవరూ ఆదర్శ దాంపత్యం చూడటానికి రాలేదు. పోయిందనుకున్న పక్షి నీళ్లలో దూకి చేపతో లేవడం చూడటానికి వచ్చారు. అబద్ధం లేకుండా ప్రేమ పుడుతుందని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఇవాళ బ్రిటన్‌లో 250 జంటలకు పైగా ఉన్నాయి.

పని అయిపోలేదు. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో విశ్వవిద్యాలయ పరిశోధకులు గూళ్లెక్కి చూస్తే, పుల్లల మధ్య నారింజ రంగు ప్లాస్టిక్ దారం కనబడింది. పశుగ్రాసం మోపులు కట్టి పొలాల్లో పారేసే దారమే. మెత్తగా ఉంటుందని ఆస్ప్రే దాన్ని గూటికి తెస్తుంది. పిల్ల కాలికి చుట్టుకుంటుంది. పిల్ల పెరిగేకొద్దీ బిగుసుకుంటుంది. చివరికి కాలు పోతుంది, లేదా పిల్లే పోతుంది. రైతు ఆ దారాన్ని ఏరి పక్కన పెడితే చాలు, ఈ చావులు ఆగుతాయి. చెసాపీక్ అఖాతంలో ఇంకో రకం ఆపద. అక్కడ ఆస్ప్రేల సంఖ్య తగ్గకుండా నిలవాలంటే జంటకు సగటున 1.15 పిల్లలు ఎగరాలని లెక్క. ఈ మధ్య కొన్ని చోట్ల అంతకు చాలా తక్కువ ఎగురుతున్నాయి. గూళ్లలో పిల్లలు ఆకలితో చస్తున్నాయి. మెన్‌హేడెన్ అనే చేప తగ్గిపోవడమే కారణమా, దాన్ని మరపడవలతో పట్టడం ఆపాలా అని అక్కడ పెద్ద వాదన నడుస్తోంది. ఇలాంటి చోట జంట అన్యోన్యంగా ఉందా లేదా అన్నది ప్రశ్నే కాదు.

పక్షికి పేరు పెట్టొద్దనీ, ఏటా ఫలానా పక్షి వచ్చిందా అని ఎదురుచూడొద్దనీ నేననడం లేదు. ఒక్కో పక్షిని విడిగా గుర్తుపట్టడం మీదే ఈ జ్ఞానమంతా నిలబడింది. లేడీ కాలికి గుర్తింపు రింగు లేదు. దాని కంట్లో ఉన్న మచ్చను చూసి, ఇది నిరుటి పక్షే అని ఏటా తేల్చేవారు. అంత శ్రద్ధగా చూసే కళ్లకు మనం ఇవ్వాల్సింది సరైన ప్రశ్నలు. ఏ తేదీన వచ్చింది? ఎన్ని గుడ్లు పెట్టింది? రోజుకెన్ని చేపలు తెస్తోంది? ఎన్ని పిల్లలు ఎగిరాయి? కెమెరా ముందు కూర్చున్న మామూలు మనిషి కూడా ఈ లెక్కలు రాయగలడు. చాలామంది రాస్తున్నారు.

తెలుగువాళ్లకు ఇందులో సొంత బాధ్యత కూడా ఉంది. ఆస్ప్రే మన దగ్గర గూడు కట్టదు. శీతాకాలం గడపడానికి కొల్లేరుకు, పులికాట్‌కు, కోరింగ మడ అడవులకు, మన జలాశయాలకు వస్తుంది. వసంతంలో ఎక్కడో ఉత్తరాన ఎవరో దాని రాక కోసం చూస్తున్నారంటే, ఆ పక్షి అంతకుముందు ఇక్కడ బతికి బట్టకట్టిందన్నమాట. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించాం, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్పించుకున్నాం. 2006లో అక్రమ చేపల చెరువుల గట్లు తెగ్గొట్టాం. తర్వాత మళ్లీ ఆక్రమణలకు వదిలేశాం. వ్యవసాయంలో డీడీటీని 1989లో మన దేశం ఆపేసింది కానీ, పొలాల నుంచి కాలవల్లోకి పారే మిగతా మందుల మీద అలాంటి పట్టుదల కనబడదు.

కాబట్టి వచ్చే వసంతంలో ఆస్ప్రేల గురించి రాయబోయేవాళ్లను అడిగేది ఒక్కటే. ఆలుమగల కథ మానండి. ఆ గూడు ఏ నీటి ఒడ్డున ఉంది, అందులో ఏ చేప ఉంది, ఆ నీటిని ఎవరు కాపాడారు, ఎవరు పాడుచేస్తున్నారు అన్నది రాయండి. పాఠకుడికి ఆ సంగతులు తెలిస్తే, తన ఊరి జలాశయంలోకి ఏం కలుస్తోందో అధికారులను నిలదీస్తాడు. ఆస్ప్రేకు మన నుంచి కావలసింది ఆ నిలదీతే.